బే విండో వ్యాన్: చెక్కపని ఆఖర్న

జర్మనీలో 1967 నుంచి 1979 దాకా తయారైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2కి, ముందున్న వంపు అద్దం వల్ల బే విండో అని పేరు. ఆ వ్యాన్‌ని క్యాంపర్ (లోపలే పడుకుని, వండుకునే బండి) చేయాలనుకునేవాళ్లు చాలామంది మంచం కొలతలతో మొదలుపెడతారు. కింద రేకు కుళ్లి ఉంటే ఆ మంచం మళ్లీ విప్పాల్సిందే.

కొనేముందే ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కింద దూరండి. తలుపుల కింద బండి పొడవునా పోయే సిల్‌ అనే రేకు దూలంలో బయట, మధ్య, లోపల అని మూడు పొరలు. పై పొర ఒక్కటి మార్చి, పుట్టీ పూసి, పెయింటు కొట్టి అమ్మేస్తారు. అయస్కాంతం అతుక్కోని చోట ఉన్నది పుట్టీయే. జాకీ పెట్టే చోట్లు, బ్యాటరీ ట్రే, ముందు అద్దం రబ్బరు కింది అంచు కూడా గుచ్చి చూడాలి.

ఈ బండికి బాడీ, ఛాసిస్ ఒకదానికొకటి వెల్డ్ అయి ఉంటాయి. సిల్ కోస్తే నడుం కుంగుతుంది. అందుకే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప పైపుని తాత్కాలికంగా చుక్కలు చుక్కలుగా వెల్డ్ చేసి (టాక్ వేసి), కింద స్టాండ్లు సమంగా పెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. తొందరపడి రెండు పక్కలా కోస్తే కొత్త సిల్ చక్కగానే కూర్చుంటుంది, స్లైడింగ్ డోర్ మాత్రం జన్మలో మూసుకోదు. వెల్డింగ్ కూడా ఒకే గీతగా లాగితే వేడికి రేకు మెలికపడుతుంది. అంగుళం వేసి, దూరంగా ఇంకో అంగుళం వేసి, చల్లారనివ్వాలి. సిల్ లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం, పెయింటు అయ్యాకే. ముందే కొడితే వెల్డింగ్‌కి మంట అంటుకుంటుంది. సిల్ లోపల ఉబ్బే ఫోమ్ నింపడమంటే తుప్పుకు ఇల్లు కట్టడమే. నీళ్లు అందులోనే నిలుస్తాయి.

ఇంజన్ వెనకుంది, మంచం దాని పైన. కాబట్టి పెట్రోలు గొట్టం సంగతి బతుకు సంగతి. పాత నూలు అల్లిక గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది. వంచితే పగుళ్లు తేలతాయి. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి తట్టుకునే ఆర్9 రకం గొట్టమే వేయాలి. కొలత పైపుకు సరిగ్గా సరిపోవాలి, వదులుగా ఉన్నదాన్ని క్లిప్పు బిగించి సర్దుకోవద్దు. గాలితో చల్లబడే ఇంజన్ కనుక ఇంజన్ గది చుట్టూ ఉన్న రబ్బరు సీలు ఊడితే కింది వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. 1600 సీసీ ఇంజన్‌కి వాల్వ్ గ్యాప్ చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్లు, ఆయిల్ 2.5 లీటర్లు.

కరెంటు లెక్క సులువే. 12 వోల్టుల మీద నడిచే 45 వాట్ల ఫ్రిజ్ రోజులో సగం సేపు ఆడితే సుమారు 45 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల సామర్థ్యమున్న లిథియం బ్యాటరీ రెండు రోజులు లాగుతుంది. అదే లెడ్ యాసిడ్ అయితే సగమే వాడుకోవాలి కాబట్టి ఒక్కరోజు. పాత డైనమో బండిలో లిథియంని నేరుగా కలిపితే అది లాగే కరెంటుకు డైనమో కాలిపోవచ్చు. మధ్యలో ఆ కరెంటుని హద్దులో ఉంచే 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్, 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, రెండు బ్యాటరీల దగ్గరా చెరో ఫ్యూజు పెట్టాలి.

గ్యాస్ సిలిండర్ పెట్టె వ్యాన్ లోపలివైపు గాలి చొరకుండా సీలయి ఉండాలి. అడుగున నేలలోంచి బయటికి రంధ్రం తప్పనిసరి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి కిందికే దిగుతుంది.

ఇక చెక్క. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వద్దు, 12 చాలు, 50 గుర్రాల ఇంజన్ మీద జాలి చూపించండి.