చదివి వినిపించగా విని, సమ్మతించి…

చిత్తూరులో నేను దస్తావేజులు రాయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. క్రయమైనా, తనఖా అయినా, అన్నదమ్ముల పారీఖత్తు అయినా, చివరి వాక్యాన్ని మాత్రం చెయ్యి తనంతట తానే రాసేస్తుంది: “ఇందులోని సంగతులన్నీ చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన వ్రాలు.” వృత్తిలోకి వచ్చిన కొత్తలో, గుడియాత్తం వైపు పల్లె నుంచి ఒక అవ్వ తన ముప్పై సెంట్ల మెట్ట అమ్మడానికి వచ్చింది. నేను తెలుగులో గడగడా చదివేశాను. ఆమె ఎడమ బొటనవేలికి సిరా అద్దుకుని, కాగితానికి ఆనించబోతూ ఆగి, “నాయనా, బావి కూడా పోతుందా ఇందులో?” అని వచ్చీరాని తెలుగులో అడిగింది. ఆమె మాట్లాడేది అరవం. బావిలో ఆమెకున్న నాలుగో వంతు వాటా సంగతి మూడో పేజీలో ఉంది, నేను చదివాను కూడా. ఆమె మాత్రం వినలేదు. కొన్నాయన గొణుగుతున్నా ఆ కాగితం పక్కన పెట్టి, బావి వాటాను మినహాయించి, కొత్త స్టాంపు కాగితం మీద తిరగరాసి, ఈసారి అరవంలో చెప్పి వేలిముద్ర వేయించాను.

స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండాల్లో అక్కడి జనానికి చదివిన ‘రెకెరిమియెంతో’ అనే హెచ్చరిక పత్రం గురించి తెలుసుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సిరా అంటిన ఆ వేలే. ఆ పేరుకు మన కచేరీ భాషలో సరైన మాట తాఖీదు.

అసలు ఆ కథలో వ్రాయసకాడు మొదటి రోజు నుంచీ ఉన్నాడు. 1492 అక్టోబరు 12న కొలంబస్ బహామాల్లోని గ్వానహానీ అనే దీవిలో కాలు పెట్టినప్పుడు, ఓడల దండుతో వచ్చిన నోటరీ రోడ్రిగో దె ఎస్కొబెదోను పక్కన నిలబెట్టుకుని, ఈ నేలను రాజు, రాణి పేరిట స్వాధీనం చేసుకుంటున్నానని, అందుకు సాక్షిగా ఉండమని చెప్పాడు. తరువాతి ఏడాది రాసిన ఉత్తరంలో, తనకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదని కూడా చేర్చాడు. ఎదురుగా నిలబడిన తాయినో ప్రజలకు ఆయన భాషలో ఒక్క ముక్క కూడా తెలియదు. హద్దులు చెప్పే చెక్కుబందీ లేదు, అమ్మినవారు లేరు, ప్రతిఫలం లేదు. అభ్యంతరం లేకపోవడం ఒక్కటే హక్కుకు ఆధారం. 1493 మే నెలలో పోపు ఆరవ అలెగ్జాండర్ ఇచ్చిన శాసనంతో ఆ స్వాధీనానికి ఒక మూలపత్రం కూడా దొరికింది.

ఇరవై ఏళ్లు గడిచేసరికి హిస్పానియోలా దీవిలో తాయినోలు వెట్టిచాకిరీతో, జబ్బులతో నేలరాలిపోతున్నారు. 1511లో ఆంతోనియో దె మోంతెసీనోస్ అనే సన్యాసి చర్చిలో నిలబడి, వీళ్లు మనుషులు కారా, ఏ హక్కుతో వీళ్లను ఇలా హింసిస్తున్నారని వలసదారులను నిలదీశాడు. ఆ ప్రశ్న స్పెయిన్ రాజాస్థానం దాకా వెళ్లింది. దానికి దొరికిన జవాబులలో ఒకటి, 1513లో పలాసియోస్ రూబియోస్ అనే న్యాయకోవిదుడు రాసిపెట్టిన ఈ తాఖీదు.

వృత్తి దృష్టితో చూస్తే అది పకడ్బందీగా రాసిన పత్రం. దేవుడు లోకాన్ని సృష్టించడంతో మొదలవుతుంది. పోపుకు అధికారం ఎలా వచ్చిందో, ఆయన ఈ దీవులను, ఖండాన్ని స్పెయిన్ రాజులకు ఎలా దానమిచ్చాడో చెబుతుంది. ఆలోచించుకోవడానికి తగిన గడువు ఇస్తున్నామంటుంది. ఒప్పుకోకపోతే యుద్ధం చేస్తాం, మిమ్మల్ని, మీ ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా పట్టుకుంటాం, ఆస్తులు లాక్కుంటాం, అందువల్ల జరిగే చావులకు, నష్టాలకు తప్పు మీదే తప్ప మాది కాదంటుంది. ఆఖరున, ఇది చదివి వినిపించినట్టు ఇక్కడున్న నోటరీ రాసి సంతకం చేసి ఇవ్వాలని, మిగిలినవారు సాక్షులని ముగుస్తుంది. అంటే ఇది మా చివరి వాక్యమే, ‘విని, సమ్మతించి’ అన్న రెండు మాటలు మాత్రం లేవు.

1514లో పెద్రారియాస్ అనే స్పెయిన్ దండనాయకుడి దండుతో దక్షిణ అమెరికా ఉత్తర తీరానికి వెళ్లిన ఒవియేదో అనే చరిత్రకారుడు తాను చూసింది రాసిపెట్టాడు. జనం పారిపోయిన ఊళ్లో, ఖాళీ గుడిసెల ముందు, ఆ కాగితం చదివే పని ఆయనకే పడింది. చదివాక దాన్ని దండనాయకుడికి తిరిగి ఇచ్చేస్తూ, ఈ వేదాంతం వీళ్లకు వినాలని లేదు, చెప్పేవాడూ లేడు, ఒకణ్ణి పట్టుకుని బోనులో పెట్టి తీరిగ్గా నేర్పించేదాకా దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడట. అందరూ నవ్వారు. ఆ తరువాత స్పెయిన్‌లో ఒవియేదో ఈ సంగతులు చెబితే, కాగితం రాసిన పలాసియోస్ రూబియోస్ కూడా నవ్వాడట. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఆ నవ్వే.

విని జవాబిచ్చినవాళ్లూ ఉన్నారు. ఇప్పటి కొలంబియా తీరాన సెనూ తెగ నాయకులకు దీన్ని దుబాసీ ద్వారా చెప్పించిన ఎన్సీసో అనే స్పెయిన్ వాడు వాళ్ల జవాబును 1519లో అచ్చువేశాడు: దేవుడు ఒక్కడే అన్నది బాగానే ఉంది, తనది కానిదాన్ని ఇచ్చిన ఆ పోపు తాగి ఉండాలి, ఇతరులది తనకిమ్మని అడిగిన ఆ రాజు పిచ్చివాడై ఉండాలి. మా సబ్-రిజిస్ట్రారు కచేరీ ముందు పందెం కట్టి చెబుతాను, హక్కు లేనివాడు రాసిన దానపత్రం గురించి ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

ఆ తాఖీదు పుట్టిన 1513లోనే, ఫిబ్రవరిలో కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల కొండెక్కాడు. రాయలు సాధువని నేననను. ఉదయగిరిని ముట్టడించిందీ ఆ రోజుల్లోనే. అయినా మన దానశాసనాల చివర తరచు కనిపించే శ్లోకం, “స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం”, తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శపిస్తుంది. ఇక్కడ శాపం లాక్కున్నవాడికి, అక్కడ పోగొట్టుకున్నవాడికి.

తాఖీదు చదవడం ఆ శతాబ్దంలోనే ఆగిపోయినా, దాని లింకు డాక్యుమెంటు, అంటే ‘కనుగొన్నవాడిదే నేల’ అన్న సిద్ధాంతం, చెల్లుతూనే వచ్చింది. 1773లోను, 1775లోను ఇల్లినోయ్, పియాంకెషా తెగల నుంచి నేరుగా కొన్న భూముల దావాలో అమెరికా సుప్రీంకోర్టు 1823లో తీర్పు చెబుతూ, నేల మీద అసలు హక్కు ‘కనుగొన్న’ యూరప్ రాజ్యానికి, దాని నుంచి అమెరికా ప్రభుత్వానికి వచ్చిందని, తెగలకున్నది అనుభవ హక్కు మాత్రమేనని, కాబట్టి ఆ క్రయం చెల్లదని తేల్చింది. నాలుగు తరాలుగా సాగు చేస్తున్న పొలాన్ని ‘అనుభవంలో ఉంది, పట్టా లేదు’ అన్న ఒక్క ముక్కతో కొట్టిపారేసినట్టుంది. ఆ సిద్ధాంతాన్ని తాము నిరాకరిస్తున్నామని వాటికన్ 2023 మార్చిలో ప్రకటించింది. దానితో ఏ క్రయమూ రద్దు కాలేదు.

కాగితం విలువ అవతలివాళ్లకు తెలియదని మాత్రం అనుకోకూడదు. న్యూయార్కు ప్రాంతపు హొదినొషోనీ అనే మూలవాసి జాతులు 1794 నవంబరు 11న కెనండైగ్వాలో అమెరికా ప్రభుత్వంతో ఒక ఒడంబడిక చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా 4,500 డాలర్ల విలువైన సరుకులు వాళ్లకు అందాలి. ఆ లెక్కలోని గుడ్డ ఇప్పటికీ వస్తోంది. మొత్తం మారలేదు, ధరలు పెరిగాయి, కాబట్టి మనిషికి అందే గుడ్డ ఏటేటా చిన్నదవుతూ వచ్చింది. అయినా దాన్ని వద్దనకుండా, బదులుగా ఏకమొత్తం డబ్బు తీసుకోకుండా, అద్దె రశీదు తీసుకున్నట్టు ఆ పలచటి బట్ట ముక్కను ఏటా అందుకుంటూనే ఉన్నారు.