ఫ్లెక్సీ మీద మావాడి ముఖం

"ఆకలేసింది యేసుకు కదా నాన్నా, మరి నా ఫోటో ఎందుకేశారు?"

కడప పెద్దాసుపత్రి గేటు ముందర, జూన్ ఎండలో, రెండొందల చిత్రాన్నం పొట్లాలు ఆటోలోంచి దించుతుంటే మావాడు అడిగిన మాట. ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగులో రాస్తున్నా. ఆ రోజుతో వాడికి పదకొండేళ్ళు నిండాయి. మా చిన్నాన్న కొడుకు ప్రేమకొద్దీ ఆటోకు ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద మావాడి ముఖం ఆటో చక్రం కన్నా పెద్దది. కింద మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని మాట: "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి." వాడికి తెలుగు చదవడం రాదు. ఏం రాశారని అడిగితే నేనే గర్వంగా చెప్పాను. సండేస్కూల్లో విన్నదే కాబట్టి వెంటనే పట్టుకున్నాడు. ఆ ప్రశ్న వేసి, మళ్ళీ ఆటో ఎక్కి కూర్చున్నాడు. పొట్లం పట్టుకుని ఫోటోకి నిలబడమంటే దిగనే దిగనన్నాడు.

నేను చేసింది చెప్తాను, దాచి లాభం లేదు. ముందు బతిమాలాను. తర్వాత ఐప్యాడ్ లాక్కుంటానన్నాను. ఐప్యాడ్ పేరు చెప్పి బెదిరించి దానం చేయించబోయిన క్రైస్తవుడు నాకన్నా ముందు ఎవరూ ఉండరేమో. వాడు కదల్లేదు. చివరికి నేనే పంచాను, తమ్ముడు ఫోటోలు తీశాడు. ఆ రాత్రే అవి ఇంటి గ్రూపులోనూ, డాలస్‌లో మా చర్చి గ్రూపులోనూ పడ్డాయి. కింద "దేవునికే మహిమ" అని రాసిందీ నేనే.

అందులో ఒక ఫోటోలో పొట్లం అందుకుంటున్న ఒకామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎండకేమో అనుకున్నా అప్పుడు.

తమ్ముణ్ణి అనడానికి నాకు నోరు లేదు. "ఫోటో పంపకుంటే డబ్బులేమైనాయని నువ్వే అడుగుతావు కదన్నా" అన్నాడు. నిజమే. మూడేళ్ళుగా మావాడి పుట్టినరోజుకి డాలస్ నుంచి డబ్బు పంపుతున్నా. ఒక ఏడాది ఫోటోలు రెండు రోజులు ఆలస్యమైతే, ఎన్ని పొట్లాలు, ఒక్కోటి ఎంత పడింది అని మెసేజ్ పెట్టాను. అమెరికాలోనూ అంతే. 250 డాలర్లు, అంతకు పైన ఇస్తే పన్ను మినహాయింపుకి ఉత్తరం కావాలి కాబట్టి, కవరు చేతికిచ్చేటప్పుడే "లెటర్ ఎప్పుడొస్తుంది" అని అడగడం అలవాటైపోయింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. మా ఇంట్లో ఎడమచేతికి తెలియకపోవచ్చు గానీ, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు తెలిసి తీరాలి.

సిగ్నల్ దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడేవాళ్ళను చూస్తే నాకు ఉన్నట్టుండి ఫోన్‌లో పనిపడుతుంది. ఇదీ మావాడు వెనక సీటులోంచి చూస్తూనే ఉంటాడు.

మాది జమ్మలమడుగు. నేను పుట్టింది అక్కడి క్యాంబెల్ ఆసుపత్రిలో. మా అమ్మ, అంటే మావాడి జేజి, ఇప్పటికీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న డబ్బాలో వేస్తుంది. ఆదివారం మందిరానికి తీసుకుపోతే కొంత పాస్టరయ్యగారికి, మిగతాది ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్ళకి. పిడికెడు బియ్యమంటే మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో తెలియనివాళ్ళుండరు. అమ్మ మాత్రం ఆదివారం దాకా ఆగేది కాదు. ఫకీరొచ్చినా, గంగిరెద్దులాయనొచ్చినా అదే డబ్బాలోంచి చేటలో పోసేది. విగ్రహారాధన చేసేవాళ్ళకు మందిరం బియ్యమా అని ఒకసారి పాస్టరయ్యగారు మెల్లగా అన్నాడు. "ఏమయ్యగారూ, బాప్తిస్మం ఇచ్చినాకనే గింజలెయ్యాల్నా ఆ ఎద్దుకు?" అనింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఈ కథ నేను మా చర్చిలో, పిల్లలకు ఇవ్వడం ఎట్లా నేర్పాలి అని మాట్లాడినప్పుడు చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నా.

చెప్పని కథ ఇంకొకటుంది. మా జేజినాయన తాత ధాత కరువులో, అంటే 1876-78లో, మిషన్ వాళ్ళు పోసిన గంజి తాగి బతికాడని ఇంట్లో చెప్పుకుంటారు. లండన్ మిషన్ కడపకొచ్చింది 1822లో, అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. కరువు తర్వాతే మావాళ్ళు మందిరంలో చేరారు. బళ్ళో ఒకడు నన్ను "గంజి కోసం మతంలో కలిసినోళ్ళు" అన్నాడు, తొమ్మిదో తరగతిలో. పెద్దయ్యాక, ఒంగోలులో క్లౌ దొర అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేసి, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడని తెలిసినప్పుడు, వాడికి ఇప్పుడు జవాబు చెప్పాలనిపించింది. మా తాతకు గంజి పోసినవాళ్ళు ఏమడిగారో, ఏమీ అడగలేదో మాత్రం మా ఇంటి కథలో లేదు.

ఆ కరువులోనే హూపర్ అనే సైనికాధికారి ఒకడు, ఎముకల గూళ్ళైన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫోటోలు తీశాడు. మనుషులు చస్తుంటే వీడికి ఫోటోలా అని ఆ రోజుల్లోనే జనం అతన్ని దుమ్మెత్తిపోశారు. ఇంటర్నెట్లో ఇప్పటికీ ఉన్నాయి. డాలస్ తిరిగొచ్చాక ఒక రాత్రి కూర్చుని అన్నీ చూశాను, మా ముఖం దొరుకుతుందేమోనని. తర్వాత మా గ్రూపు తెరిచి కొంగు అడ్డం పెట్టుకున్న ఆమె ఫోటో తీసేయబోయాను. రెండు నెలలైపోయింది, అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు లేదు.

మావాడు మహాత్ముడని కాదు. ఆ రోజు ఆటోలో మిగిలిన పొట్లాల్లో రెండు వాడే తిన్నాడు. చెల్లెలికి చాక్లెట్‌లో సగం ఇవ్వమంటే ఇప్పటికీ ఇంట్లో యుద్ధమే. కానీ జమ్మలమడుగులో ఉన్న పదిరోజులూ జేజి పక్కన నిలబడి వాడే పిడికెడు తీసి వేశాడు. ఇక్కడికొచ్చాక కూడా ఒక పాత ప్రోటీన్ పౌడర్ డబ్బా కడిగి మొదలుపెట్టాడు. రైస్ కుక్కర్ పెట్టే ముందు వాడొచ్చేదాకా మా ఆవిడ ఆగాలి.

ఎవరికివ్వాలి అన్నదే తేలలేదు. లేనివాళ్ళకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ దగ్గర్లో ఉంటే, అక్కడ అడిగితే సీలు విప్పని ప్యాకెట్లే తీసుకుంటామన్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరింటి బియ్యమో వాళ్ళకేం తెలుసు. "కొత్త బస్తా కొనిచ్చేద్దాం, ఇవి మనం వండుకుందాం" అని మా ఆవిడ. "అప్పుడది జేజి రైస్ కాదు" అని వాడు. నేను ఒకరోజు ఆమెతో, ఇంకొకరోజు వాడితో. కొత్త బస్తా అయితే రసీదు కూడా వస్తుందన్న సంగతి నాకు తట్టలేదని అంటే అబద్ధమే.

మొన్న శనివారం మూత తీస్తే పురుగు పట్టింది. వాడు లేచేలోపు జల్లించి డెక్ మీద దుప్పటి పరిచి ఆరబోశాను. ఫోటో తీసి అమ్మకు పంపబోయి, ఆగి, కాసేపటికి పంపాను. వాయిస్ మెసేజ్ వచ్చింది: "రెండు ఎండుమిరపకాయలెయ్యి నాయనా. అబ్బి నిద్ర లేసినాడా?"