స్తంభం ఊడదీస్తేనే చట్టానికి కనబడుతుంది

గోదావరి డెల్టా ఊళ్లలో పాత మండువా లోగిళ్ల చుట్టూ తిరిగే బేరగాళ్లను మీరూ చూసే ఉంటారు. కారు దిగుతూనే ఇంట్లోవాళ్ల కంటే ముందు స్తంభాలను పలకరిస్తారు. వేలితో కొట్టి, గోటితో గీరి, "బర్మా టేకేనండి" అని వాళ్లలో వాళ్లే తేల్చేసుకుంటారు. మా ఇంటికొచ్చినాయన అయితే ఇల్లంతా అక్కర్లేదన్నాడు. మండువా స్తంభాలు, సింహద్వారం, పడమటి గది తలుపులు ఇస్తే చాలట. "మిగతాది మీరే ఉంచుకోండమ్మా" అన్నాడు, ఎంతో ఉదారంగా.

ఇలాంటి ఇంటిని కాపాడే చట్టమేదైనా ఉందా అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను. నేను లాయర్ని కాదు, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను.

ముందు ఇంటి సంగతి. మాది రైతు ఇల్లు, జమీందారు కోటేం కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలకు నీళ్లొచ్చాక, వరి మీద వచ్చిన డబ్బు ఒకటి రెండు తరాల్లో ఇలాంటి ఇళ్లుగా లేచింది. వీధి అరుగులు, సింహద్వారం, నడవ, అది దాటితే పైన ఆకాశం కనబడే మండువా. చుట్టూ వసారా, వసారా వెనక గదులు, గదుల మీద అటక. పెరట్లో పశువుల సావిడి. పంట వచ్చినప్పుడు గాదె నిండితే మిగతా ధాన్యానికి పెరట్లో పురి కట్టేవారు. ఈ ఇల్లు కాపురానికి ఎంతో, వ్యవసాయానికీ అంతే. సావిడి పడగొట్టి లోగిలి ఒక్కటీ ఉంచితే సగం ఇల్లు పోయినట్టే.

కప్పు లోపలి వాలు నాలుగు వైపుల నుంచీ మండువా మీదికే. వాన పడితే నీళ్లన్నీ అందులోకే దిగి, నేల కింది రాతి తూము గుండా పెరటి కాలువలోకి పోతాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ ప్రాణం మీదికి తెచ్చేవి ఆ నాలుగు మూలలే. రెండు వాలుల నీళ్లు ఒక్క గీత మీద కలిసేది అక్కడే. అక్కడ పెంకులు కోసి అమర్చాలి, కింద రేకు పరవాలి. రేకు మీద వేపాకు పేరుకుంటే నీళ్లు నిలుస్తాయి. రేకు తుప్పుపడుతుంది, మూల దూలం తడుస్తుంది, స్తంభం నెత్తిన కూర్చునే దూలం కొస మెత్తబడుతుంది. కిందేమో స్తంభం నల్లరాతి దిమ్మ మీద నిలబడి ఉంటుంది కాబట్టి చెద అంత సులువుగా ఎక్కదు. అందుకే మా వైపు లోగిళ్లు కింద గట్టిగానే ఉండి పైనుంచి కూలతాయి. మా ఈశాన్య మూలలో దూలానికి బొటనవేలు పట్టేంత చీలిక ఉంది. టార్చి వేస్తే లోపల తడి నలుపు కనిపిస్తుంది.

గోడలు ఇటుక, సున్నం. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి చేసిన పూత అది. తడి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. బాబాయి ఎప్పుడో దక్షిణపు గోడకు సిమెంటు కొట్టించారు. తడి బయటికి పోలేక లోపల ఇటుక పొడిపొడి అవుతోంది. పైకి మాత్రం గోడ నున్నగా, కొత్త పెళ్లికూతురిలా ఉంది.

ఇక చట్టాలు. అందరూ ముందు తలుచుకునేది పురావస్తు శాఖనే. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షణ కావాలంటే కట్టడానికి వందేళ్లు దాటాలి, దానికి జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. దేశం మొత్తం మీద అలాంటివి దాదాపు 3,700. గుళ్లు, కోటలు, సమాధులే ఎక్కువ. రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉంది. వరి రైతు ఇల్లు ఆ వరసలో నిలబడటం కష్టం. ఒకవేళ కేంద్రం జాబితాకే ఎక్కిందనుకుందాం. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా సొంతదారుకైనా కట్టుకునే హక్కు ఉండదు. 2010 సవరణ ప్రకారం చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా ఆంక్షలు. కోటకు అది సరే. ఊరి నడిబొడ్డున ఉన్న ఇంటికి ఆ ముద్ర పడితే వీధి వీధంతా మా గుమ్మం ముందుకొచ్చి శాపనార్థాలు పెడుతుంది. ఇచ్చినా నేను వద్దంటాను.

జపాన్‌లో 1996 నుంచి మధ్యేమార్గం ఒకటుంది. యాభై ఏళ్లు దాటిన కట్టడాన్ని రిజిస్టర్ చేయించుకోవచ్చు, పైరూపం మార్చాలంటే ముందుగా తెలియజేస్తే చాలు. మనకు కావాల్సింది అలాంటిదే అనిపిస్తుంది. హైదరాబాద్‌లో పాత కట్టడాలను కాపాడటానికి 1995లో నిబంధన వచ్చింది, తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మా పంచాయతీ దగ్గర మా ఇంటి గురించి ఉన్నది పన్ను రసీదు ఒక్కటే.

అన్నిటికంటే విచిత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం. అందులో పురావస్తువు అంటే ఏమేమిటో చెబుతూ, కట్టడం నుంచి విడదీసిన వస్తువును కూడా చేర్చారు, వందేళ్లు దాటితే. అంటే మా స్తంభం మండువాలో నిలబడి కప్పు మోస్తున్నంత కాలం దాన్ని పట్టించుకున్న చట్టం లేదు. ఊడదీసి లారీ ఎక్కించిన మరుక్షణం అది పురావస్తువు. అమ్మే వ్యాపారికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం. బేరగాడితో ఈ మాటంటే, "అవన్నీ మేం చూసుకుంటాం కదమ్మా" అన్నాడు.

చివరికి మా ఇంటికి పనికొచ్చేవి నేనెన్నడూ అనుకోని చోట దొరికాయి, వాటాల చట్టాల్లో. మాకు పదకొండు మంది వాటాదారులు. ఒకరు విసుగొచ్చి బయటివాడికి వాటా అమ్మేస్తే ఏమిటి గతి అని అందరికీ టెన్షన్. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, ఉమ్మడి కుటుంబం ఉండే ఇంట్లో వాటా కొన్న పరాయివాడికి ఇంట్లో దిగి కలిసి ఉండే హక్కు రాదు. వాడు విభజన దావా వేస్తే, 1893 నాటి విభజన చట్టం నాలుగో సెక్షన్ కింద కుటుంబంలో ఒకరు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా కొనేయొచ్చు. ఇది తెలిశాక పెదనాన్నగారి అబ్బాయి అమ్మకం మాట తగ్గించాడు. అయితే అదే చట్టం రెండో సెక్షన్‌లో కత్తి కూడా ఉంది. పంచడానికి వీలుపడని ఇల్లయితే, సగం వాటాకు తగ్గకుండా ఉన్నవాళ్లు అడిగితే కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. పంచుకుంటే ఏమవుతుందో పక్క వీధిలో చూశాం. అన్నదమ్ములు మండువాకు అడ్డంగా గోడ కట్టారు. తూము ఒకరి వైపు పడింది, వాన ఇద్దరి వైపూ పడింది.

ఒక మాట ఒప్పుకోవాలి. 2005 దాకా, మగవాళ్లు పంచుకుందామనే వరకు ఇంట్లో వాటా విడదీయమని ఆడపిల్ల అడగడానికి వీల్లేదు. హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అది. సవరణలో తీసేశారు, మంచి పని చేశారు. కొన్ని లోగిళ్లు అంతకాలం ముక్కలు కాకుండా నిలిచింది మాత్రం కొంత మా మేనత్తల నోరు నొక్కడం వల్లే.

ఇల్లు ముక్కలు కాకుండా ఇప్పుడు ట్రస్టు రాయిస్తున్నాం. స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే 1882 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్డ్ దస్తావేజైనా, వీలునామా అయినా ఉండాలి. గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన భూమి కావడంతో పాత పట్టా లేదు. తాతల నాటి పంపకాల కాగితం, పన్ను రసీదులే ఆధారం. ఊళ్లలో ఇళ్ల స్థలాలు కొలవడానికి కేంద్రం 2020లో మొదలుపెట్టిన స్వామిత్వ డ్రోన్ సర్వేలో ఆస్తి కార్డు వస్తే స్థలం మాట తేలుతుంది, స్తంభాల మాట తేలదు. అందుకని "దూలాలు, స్తంభాలు, తలుపులు ఇంటి నుంచి విడదీసి అమ్మరాదు" అని విడిగా రాయించాం. పెరటి కొబ్బరి మీద వచ్చే డబ్బు ముందు కప్పుకే అని ఇంకోటి. మేనత్త ఒక్కతే ఇంకా సంతకం పెట్టలేదు. "నా వాటా ట్రస్టులో పెడితే, రేపు నాకు అవసరమొస్తే ఎవరిస్తారే?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తప్పుకోవాలనుకున్నవాళ్ల వాటాను మిగతావాళ్లు ఏ ధరకు, ఎన్నాళ్లలో కొనాలో రాయమని లాయరు గారికి చెప్పాను. ధర దగ్గరే ఆగింది. స్థలం విలువ కట్టాలా, ఇంటితో కలిపి కట్టాలా అన్నది అన్నయ్యకూ నాకూ ఇంకా కుదరలేదు.