అంగ్‌కోర్ వాట్‌లో అమ్మ ఎదురు తిరిగింది

కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ గుడికి వెళ్లొచ్చిన వాళ్లంతా సూర్యోదయం ఫోటో పెడతారు కదా, మా దగ్గర అది లేదు. తెల్లవారుజామున 4 గంటలకి అమ్మని లేపి చీకట్లో కొలను దగ్గర నిలబెట్టాను, తీరా తెల్లారాక చూస్తే మబ్బు. దాన్ని వదిలేయండి.

అసలు కథ గ్యాలరీల దగ్గర మొదలైంది. గుడి చుట్టూ రాతి గోడల మీద బొమ్మలు చెక్కారు, ఒక్కో గోడ ఒక్కో కథ. పడమర గుమ్మంలోంచి వెళ్లి కుడివైపు తిరిగితే కురుక్షేత్రం, అక్కణ్ణుంచి దక్షిణం, తర్వాత తూర్పు, బొమ్మల వరస అలా నడుస్తుంది. గైడ్ మమ్మల్ని అటే తీసుకెళ్లబోయాడు. అమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"గుడి ఎడమచేతి వైపు వస్తోంది రా. అపసవ్యంగా తిరగడానికి ఇదేమన్నా శ్మశానమా?"

నేను నవ్వుతూ ఇంగ్లీషులో చెబితే గైడ్ మాత్రం నవ్వలేదు. పండితులు కూడా సరిగ్గా ఇదే అడిగారట. చాలా గుళ్లు తూర్పు ముఖంగా ఉంటే ఇది పడమర ముఖం, బొమ్మలేమో అప్రదక్షిణంగా సాగుతాయి. అందుకే 12వ శతాబ్దంలో విష్ణువుకి ఈ గుడి కట్టించిన రెండో సూర్యవర్మ దీన్ని తన సమాధి గుడిగా కూడా అనుకున్నాడేమోనని ఒక వాదన ఉంది. పడమర విష్ణువు దిక్కు కాబట్టే అలా కట్టారని ఇంకొందరు అంటారు. తద్దినాలు పెట్టిన ఇంటి మనిషికి ఇదంతా నాలుగడుగుల్లో తట్టేసింది, నేనేమో వారం రోజులు వీడియోలు చూసి కూడా పట్టించుకోలేదు.

చివరికి అమ్మ మాటే నెగ్గింది, ఎడమవైపు నుంచి మొదలెట్టాం. ముందు లంకా యుద్ధం వచ్చింది, కోతులు రాక్షసుల్ని కొరికేస్తున్నాయి. "చూశావా, త్రేతాయుగం ముందు, ద్వాపరం చివర్న. మన వరసే కరెక్టు" అంది అమ్మ. ఉత్తరం వైపు గోడ దగ్గర ఆవిడ ముఖం పెట్టిన తీరు చూడాలి, "ఇది వేరే చేతి పని" అనేసింది. నిజమే, ఆ గోడ మీద బొమ్మలు 16వ శతాబ్దంలో చెక్కినవి, ఆ మొరటుతనం నాకే కనబడింది.

తూర్పు గోడ మీద సాగరమథనం, సుమారు 49 మీటర్ల పొడవు. మేం ఎదురు దిక్కున వచ్చాం కాబట్టి ముందు వాసుకి తోకే తగిలింది, దాన్ని పట్టుకుని ఓ పెద్ద వానరుడు. "పాలసముద్రం దగ్గర హనుమంతుడికేం పని?" అని అమ్మ ప్రశ్న. వాళ్ల కథలో ఉన్నాడు అన్నాడు గైడ్. ఆ పక్కన 88 మంది దేవతలు, నడుమ కూర్మం, విష్ణువు, ఆ తర్వాత గుడ్లురిమి చూస్తున్న 92 మంది అసురులు. అందరి కాళ్లూ ఒకే తీరున వంగి ఉన్నాయి. నేను లెక్క దగ్గరే ఉన్నాను, అమ్మ మాత్రం కిందికి వంగి కవ్వం దగ్గర చూస్తోంది: అక్కడ చేపలూ మొసళ్లూ ముక్కలై ఉన్నాయి, అంచుల్లో ఉన్నవి మాత్రం నిండుగా ఈదుతున్నాయి. "సుడి ఎక్కడ గట్టిగా ఉంటుందో చల్ల చిలికిన వాడికే తెలుస్తుంది" అంది. ఇంక గైడ్ చెప్పడం మానేసి ఆవిడ వెనకాలే నడిచాడు, నేను అనువాదకుణ్ణి అయిపోయాను.

దక్షిణం వైపు యముడు, చిత్రగుప్తుడు, 32 నరకాలు, అవి వద్దంది, గబగబా దాటించేసింది. కురుక్షేత్రంలో భీష్ముడి అంపశయ్య దగ్గర మాత్రం ఓ పది నిమిషాలు కూర్చుంది, మోకాళ్ల నొప్పి కూడా ఓ కారణం అనుకోండి.

పై అంతస్తుకి మెట్లు నిటారుగా ఉంటాయి, భుజాలూ మోకాళ్లూ కప్పుకుంటేనే పైకి పంపుతారు. ఆవిడది చీర, నాది నిక్కరు. నన్ను కిందే ఆపేశారు. గైడ్ తోడుగా ఆ మెట్లెక్కి, అరగంట తర్వాత చెమటలు కక్కుతూ దిగింది.

"పైన బుద్ధుడున్నాడు రా. దణ్ణం పెట్టుకున్నా."

"ఎటు తిరిగావు?"

"ప్రదక్షిణంగానే. ఎవరూ ఏమీ అనలేదు."