ఉండేవారు కాదు, ఉన్నాం

మొన్న నవంబరులో ఒక పెద్దావిడ నన్ను వ్యాకరణం దగ్గర పట్టుకుంది.

మాది అచ్చంపేట. ఉమ్మడి పాలమూరు, ఇప్పటి లెక్కలో నాగర్‌కర్నూల్ జిల్లా. సియాటెల్‌కి దక్షిణాన ఉన్న ఒక ఊళ్ళో డే కేర్‌లో నాలుగేళ్ళ పిల్లల గదిలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా అమ్మ అక్కడ అందరికీ "మా బిడ్డ అమెరికాల టీచరమ్మ" అని చెప్పుకుంటుంది. ముక్కులు తుడవడం, తడిసిన ప్యాంట్లు మార్చడం కూడా ఆ టీచరమ్మ పనే అని నేను ఇంతవరకు చెప్పలేదు.

థాంక్స్‌గివింగ్ పండగ వస్తోంది కదా, పిల్లలకు అమెరికా ఆదివాసుల వేషం వేద్దామని రాత్రి పదింటి దాకా కూర్చుని పద్నాలుగు తలపట్టీలు కత్తిరించాను. గోధుమరంగు కాగితం, స్టేప్లర్, కొట్లో కొన్న రంగు ఈకలు. గోడ మీద ఒక గుడారం బొమ్మ అతికించి, కింద "చాలా కాలం కిందట ఇక్కడ నేటివ్ అమెరికన్లు ఉండేవారు" అని ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. నా చేతిరాత బాగుంటుంది. ఆ రోజు దాన్ని చూసుకుని రెండుసార్లు మురిసిపోయాను కూడా.

సాయంత్రం ఒక పిల్లను తీసుకెళ్ళడానికి వాళ్ళ అమ్మమ్మ వచ్చింది. మనవరాలి నెత్తిన ఎర్ర ఈక చూసింది. ఏమీ అనకుండా పట్టీ తీసి, చెత్తబుట్టలో పడేయకుండా, మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత గోడ మీది వాక్యం చదివింది. కోపం ఏమీ లేదు, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది: "ఉండేవారు కాదమ్మా, ఉన్నాం. నేను ఇప్పుడే ఆబర్న్ నుంచి వస్తున్నా. దారిలో ట్రాఫిక్ కూడా ఉంది."

ఆబర్న్ పక్కనే మకల్‌షూట్ తెగ వాళ్ళ రిజర్వేషన్, అంటే ఆ తెగకు కేటాయించిన నేల, ఉంది. ఆవిడ ఆ తెగ మనిషి. ఈకలు, గుడారాలు అటు మైదానాల తెగలవి, ఇక్కడివి కావు అని చెప్పింది. ఇక్కడ చెక్కపలకల ఇళ్ళు, సీడార్ చెట్టు మానుతో చేసిన పడవలు, సీడార్ బెరడుతో అల్లిన టోపీలు. వచ్చే వారం వీలుంటే వస్తానంది. మనవరాలిని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ దారి పొడుగునా మనసులో ఆవిడతో వాదించాను. నాకెలా తెలుస్తుంది? నేనేమైనా ఇక్కడ పుట్టానా? ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళే ఏళ్ళ తరబడి ఇవే ఈకలు అతికిస్తుంటే నేను నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే కదా. అయినా ఈ దేశం సంగతి చూడండి. ఏ మీటింగు మొదలుపెట్టినా "ఈ నేల ఫలానా తెగలది" అని గౌరవంగా చదువుతారు, చదివాక అదే నేల మీద కూర్చుని కాఫీ తాగుతారు. సియాటెల్ అన్న పేరే ఒక తెగ పెద్దది. 1865లో ఆ ఊరి పాలకమండలి ఆ మనుషులే ఊళ్ళో నివాసం ఉండకూడదని ఆర్డినెన్సు చేసింది. ఆయన తల్లి వైపు తెగ దువామిష్‌కి నేటికీ కేంద్ర ప్రభుత్వ గుర్తింపు లేదు. మనిషి పేరు ఊరికి కావాలి, ఊళ్ళో మనిషి అక్కర్లేదు.

మా దగ్గర అలా కాదు అనుకున్నాను. మా నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళే చేసుకున్నాడు. ఇంతకన్నా చుట్టరికం ఏముంటుంది? నల్లమల లోపలి సలేశ్వరం జాతరలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. చైత్ర పౌర్ణమికి ఆ లోయలోకి దిగుతూ "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తూ పోయిన వాళ్ళలో మా నాన్న ఉన్నాడు, చిన్నప్పుడు ఆయన భుజం మీద నేనూ ఉన్నాను.

రెడ్ సిగ్నల్ దగ్గర ఆగాక ఇంకొకటి గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో స్కూలు యానివర్సరీకి నేను ఫ్యాన్సీ డ్రెస్‌లో చెంచుపిల్లను. నడుముకు వేపమండలు, ముఖానికి బొగ్గుపొడి, నెత్తిన కోడి ఈక. ఫస్ట్ ప్రైజు స్టీలు గిన్నె. ఆ గిన్నెలో మా అమ్మ ఇప్పటికీ పచ్చడి పెడుతుంది. ఏడాదికి ఎన్నోసార్లు చెంచులు నడిచొచ్చే ఊళ్ళో, నల్లమల అంచున కూర్చుని, మేం చెంచుపిల్లకు కోడి ఈక పెట్టాం. నన్ను ఎవరూ వ్యాకరణం దగ్గర పట్టుకోలేదు.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవ నడిచినప్పుడు నేను ఇక్కడి నుంచే "సేవ్ నల్లమల" అని డీపీ పెట్టాను. ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేస్తే నేనే గెలిచినంత సంబరపడ్డాను. అప్పటికి అడవి లోపలి పెంటల, అంటే చెంచు గూడేల, పేర్లు నాకు ఒక్కటైనా తెలుసా అంటే తెలియదు. అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్ అని వెతికి చదివింది ఈ నవంబరులోనే. పులుల కోసం కోర్ ఏరియాలోని ఊళ్ళను బయటికి తరలిస్తామన్న మాట ఏళ్ళుగా నడుస్తున్న సంగతి కూడా అప్పుడే కాస్త శ్రద్ధగా చదివాను. 1865 ఆర్డినెన్సును తిట్టుకుంటూ ఇల్లు చేరిన మనిషిని కదా, చదువుతుంటే నోట మాట రాలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. "మనింటికి తేనె తెచ్చే ఆమె గుర్తుందా అమ్మా?"

"చెంచామెనా? గా ముచ్చట ఇప్పుడెందుకే? తిన్నవా లేదా?"

తిన్నాను అని అబద్ధం చెప్పి అడిగాను. అమ్మకు అంతా గుర్తుంది. ఎండాకాలంలో బీరు సీసాల్లో తేనె నింపి, మూతకు బదులు గుడ్డ కుక్కి తెచ్చేది. అమ్మ "బెల్లం పాకం కలిపినవు" అని గదమాయించేది. అగ్గిపుల్ల పరీక్ష నా డ్యూటీ. పుల్లను తేనెలో ముంచి గీస్తే వెలగాలి, వెలగకపోతే కల్తీ అని లెక్క. ప్రతిసారీ వెలిగేది. వెలిగాక కూడా అమ్మ పది రూపాయలు తగ్గించేది. ఆమె ఏమీ అనకుండా సీసా వంచేది. చివరి చుక్క జారే దాకా సీసాను అలాగే పట్టుకునేది, అందులో మాత్రం తొందర లేదు.

"కొండ మీది నుంచి తాడు కట్టుకుని దిగుతరంట బిడ్డా," అంది అమ్మ. "పైన తాడు పట్టేది బావమరిదేనంట. ఇంకెవరికీ ఇయ్యరు. చెల్లె తాళి ఉన్నది కద, వాడు ఇడిసిపెట్టడు."

ఇది నాకు ఇన్నేళ్ళూ చెప్పలేదేం అంటే, నువ్వెప్పుడు అడిగినవు అంది.

మర్నాడు మా లీడ్ టీచర్ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తిట్టలేదు. ఒక ఫైలు తీసిచ్చింది. ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో కేంద్రం గుర్తించిన తెగలు 29. వాళ్ళ చరిత్రను బడుల్లో చెప్పమని 2005లో ఒక చట్టం ప్రోత్సహించింది, పదేళ్ళ తర్వాత 2015లో తప్పనిసరి చేశారు. ఆ తెగలతో కలిసి రాసిన పాఠాల్లో మా పసివాళ్ళ వయసుకు తగినవి కూడా ఉన్నాయి. ఒప్పందం, సార్వభౌమాధికారం లాంటి మాటలు నాలుగేళ్ళ పిల్లలకు ఎలా చెబుతారో అని నాకు నవ్వొచ్చింది. ఆమె క్రేయాన్ల డబ్బా తీసి ఒక పిల్లాడికి ఇచ్చింది. "ఇది నీది. నీ బొమ్మ అయ్యాక సగం రంగులు పక్కవాడికి ఇస్తానని మాట ఇస్తావా?" వాడు ఇచ్చాడు. అయిదు నిమిషాల తర్వాత మొత్తం ఒళ్ళో దాచుకున్నాడు. గదిలో రభస. "మాట ఇచ్చావు!" అని పద్నాలుగు గొంతులు. ఒప్పందం అంటే అదే, అంది ఆమె నా వైపు తిరిగి.

1850లలో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో ఇక్కడి తెగలు భూములు వదులుకుంటూ, పాత చోట్లలో చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఉంచుకున్నాయి. తర్వాత రాష్ట్ర అధికారులే వలలు గుంజుకుని అరెస్టులు చేశారు. 1974లో బోల్ట్ అనే జడ్జి, పట్టదగ్గ చేపల్లో సగం దాకా తెగల వాటా అని తీర్పిచ్చాడు. క్రేయాన్ల రభస చూశాక ఆ తీర్పు నాకు ఇంకెవరూ వివరించక్కర్లేకపోయింది. మన దగ్గర కూడా 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అది చెంచు పెంటల దాకా ఎంత చేరిందో నేను మాట్లాడను, మాట్లాడే అర్హత నాకు లేదు.

చెప్పినట్టే అమ్మమ్మ వచ్చింది. నీళ్ళలో నానబెట్టిన సీడార్ బెరడు పట్టీలు తెచ్చింది. నానితేనే వంగుతాయి, లేకపోతే పుటుక్కున విరుగుతాయి. చెట్టు నుంచి రెండు అరచేతుల వెడల్పుకు మించి తీయరట, చెట్టు బతకాలి కదా. పిల్లలు తలా ఒక గాజు అల్లుకున్నారు. నాకు జడ అల్లిక వచ్చు కాబట్టి తొందరగానే వచ్చింది. ఆవిడ నా గాజు చూసి "మీ వాళ్ళు కూడా అల్లుతారా?" అంది. మా వాళ్ళు అంటే ఎవరో తేల్చుకోలేక తలాడించాను.

ఆ తర్వాత ఆవిడే నన్ను ఇరికించింది. "మీ ఊరి దగ్గర అడవిలో ఎవరున్నారో పిల్లలకు చెప్పు" అంది. ఫోన్లో నల్లమల ఫోటో చూపించి, తాడు, కొండ, తేనెపట్టు చెప్పాను. బావమరిది దగ్గర ఇంగ్లీషు ఆగిపోయింది. బ్రదర్ ఇన్ లా అంటే బావ కూడా అదే, మరిది కూడా అదే. చివరికి "వాళ్ళ ఆవిడ అన్న" అన్నాను. తాడు ఎందుకు వదలడో పిల్లలకు వెంటనే అర్థమైంది. చెప్పేటప్పుడు దిగేవారు అని నోటి దాకా వచ్చింది, మింగి దిగుతారు అన్నాను.

ఒక పిల్లాడు చెయ్యెత్తాడు. "ఆ తేనె ఆంటీ మీ ఇంటికి వస్తుందా?"

"వచ్చేది. నా చిన్నప్పుడు."

"వచ్చి ఎక్కడ కూర్చుంటుంది?"

"మెట్ల మీద," అన్నాను.

"లోపలికి రాదా?"

అమ్మమ్మ బెరడు ముక్కలు ఏరుతోంది, తల ఎత్తలేదు.

"రాదు."

"వాన పడితే?"

స్నాక్ టైం అయింది, చేతులు కడుక్కుందాం పదండి అన్నాను.