థైరాయిడ్‌కి అయోడిన్ చుక్కలు: నా అనుభవం

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ గ్రంథిని పనిచేయమని మెదడు నుంచి వచ్చే హార్మోను టీఎస్‌హెచ్ 3.2, అంటే మామూలే. గ్రంథి మందగిస్తే ఈ అంకె పెరుగుతుంది. ఆరు నెలల కిందట ఇదే కాలమ్‌లో 41.8 అని ఉంది. ఆ 41.8 దాకా నేను ఎలా వెళ్లానో, ఇంకెవరూ అలా వెళ్లకూడదనే, మంట చల్లారకముందే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. 19 ఏళ్ల సర్వీసు. కిందటేడు వేసవి సెలవుల్లో ఊరికే నీరసం, తల దువ్వితే గుప్పెడు జుట్టు ఊడిరావడం. ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను, మర్నాడే రిపోర్టు ఇచ్చారు. టీఎస్‌హెచ్ 8.6, థైరాయిడ్ తయారుచేసే హార్మోను ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది. మా వీధి చివరి డాక్టరుగారు చూసి, "కాస్త ఎక్కువుందమ్మా, కంగారేం లేదు. యాంటీబాడీల టెస్టు కూడా చేయించుకుని రెండు నెలల్లో మళ్లీ రండి" అన్నారు. ఆయన మాట వింటే సరిపోయేది.

వినలేదు. మా కాలనీలో ఆరోగ్య సలహాలు చెప్తూ సీసాలు అమ్మే ఆవిడ ఒకరున్నారు. "థైరాయిడ్ అంటేనే అయోడిన్ లోపం కదా టీచరు గారూ, మీకు తెలియనిదేముంది" అన్నారు. ఆ మాటకే పడిపోయాను, ఎందుకంటే అది నా పాఠమే. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1950ల్లో హిమాచల్‌లోని కాంగ్రా లోయకు వెళ్లి, అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో గొంతువాపులు ఎలా తగ్గాయో, మామూలు ఉప్పు వాడిన ఊళ్లలో ఎలా తగ్గలేదో చూపించారని ఏటా పిల్లలకు చెప్తాను. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైన సంగతీ చెప్తాను. మా మండలంలో ఈ పాఠం నాకంటే బాగా చెప్పేవాళ్లు లేరని ఇప్పటికీ అంటాను.

ఆవిడ ఇచ్చింది 5 శాతం లుగాల్ అయోడిన్, అంటే గాఢమైన అయోడిన్ ద్రావణం. చిన్న గోధుమరంగు సీసా, డ్రాపర్ మూత. పొద్దున్నే గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు. నీళ్లు పలచని టీ రంగుకు తిరిగేవి, నాలుక మీద ఇనుము నాకినట్టుండేది. ప్యాకెట్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమని కూడా చెప్పారు. మూడు నెలలు ఒక్కపూట తప్పలేదు.

మొదటి నెల బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి కాళ్లు నీరు పట్టేవి, ఏడో పీరియడ్‌లో కుర్చీలో కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. ఒకరోజు నల్లపూసలు మెడకు బిగుతుగా తగిలాయి. అద్దంలో చూసుకుంటే గొంతు ముందు భాగం ఉబ్బి ఉంది. మా వారు అప్పటికప్పుడు ల్యాబ్‌కు తీసుకెళ్లారు. 41.8. ఫ్రీ టీ4 బాగా పడిపోయింది. థైరాయిడ్ మీద ఒళ్లే దాడి చేస్తోందని చెప్పే యాంటీ టీపీవో యాంటీబాడీలు బాగా ఎక్కువై 600 దాటాయి.

పెద్ద ఆస్పత్రిలో ఎండోక్రైనాలజిస్టు దగ్గర టోకెన్ తీసుకున్నాం. పొద్దున ఏడున్నరకు వెళితే పన్నెండు నలభైకి పిలిచారు. లోపల ఇద్దరు జూనియర్ డాక్టర్లు, అప్పటికే తలుపు లోపలికి తోసిన తర్వాతి పేషెంట్లు నలుగురు. అడగకముందే సీసా తీసి బల్ల మీద పెట్టాను. దాచకూడదనుకున్నాను. ఆయన దాన్ని ఎత్తి జూనియర్లకు చూపించి, "ఇదిగో చూడండి" అన్నారు. నావైపు తిరిగి, "ఏం చదువుకున్నారు?"

"బీఎస్సీ, బీఎడ్ అండీ. బయాలజీ టీచర్ని."

"బయాలజీయా! పిల్లలకు కూడా ఇదే నేర్పుతున్నారా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో మా స్కూలు పిల్లాడి తల్లి ఉందని బయటికొచ్చేటప్పుడు చూశాను. ఎందుకు తప్పో అడిగితే "రాసినవి వాడండి, ఇది పారేయండి" అన్నారు. మొత్తం మూడు నిమిషాలు. తప్పు చేసినదాన్ని తిట్టొచ్చు, కాదనను. కానీ పదిమందిలో చదువు గురించి ఎత్తిపొడిచి, కారణం మాత్రం చెప్పకుండా పంపితే, ఆ మనిషి రేపు మళ్లీ సీసాలమ్మే ఆవిడ దగ్గరికే పోతుంది. ఆవిడ కనీసం కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడుతుంది. పెద్ద డాక్టర్లు ఇది ఆలోచించాలి.

కారిడార్ బెంచీ మీద కూర్చుని ఏడుపు ఆపుకోవడానికి లెక్క వేశాను. ఆ ద్రావణం ఒక్క చుక్కలో సుమారు 6 మిల్లీగ్రాముల అయోడిన్. రెండు చుక్కలకు 12. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. అంటే 80 రెట్లు! పాఠంలో "లోపం" గురించి చెప్పానే గాని ఎంత కావాలో ఏ రోజూ బోర్డు మీద రాయలేదు.

ఆ జూనియర్లలో ఒక అమ్మాయి బయటికొచ్చింది. "టీచర్ గారూ, ఒక్క నిమిషం" అని పక్కన కూర్చుని ఓపీ చీటీ వెనక సీతాకోకచిలుకలా థైరాయిడ్ బొమ్మ గీసింది. అయోడిన్ ఒక్కసారిగా ముంచెత్తితే గ్రంథి హార్మోను తయారీ ఆపేస్తుందట. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్దిరోజుల్లో తేరుకుంటుంది. నాకున్నది హషిమోటో, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు. అలా దెబ్బతిన్నది తేరుకోలేక అలాగే ఉండిపోతుంది. గొంతులో పాత గడ్డలున్న పెద్దవాళ్లకైతే ఉల్టా, హార్మోను ఎక్కువైపోయి గుండెదడ పట్టుకోవచ్చంది. "అయోడిన్ ఉప్పు దొరికే ఇళ్లలో ఎక్కువమందికి థైరాయిడ్ హార్మోను తక్కువ కావడానికి కారణం హషిమోటోనే, లోపం కాదు" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

మిగతాదంతా సులువే. చుక్కలు మానేశాను, థైరాయిడ్ హార్మోను మాత్ర లీవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు మొదలుపెట్టాను. పరగడుపునే మంచినీళ్లతో వేసుకుని గంటదాకా కాఫీ ముట్టను. కాల్షియం మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం. ఆరు వారాలకోసారి టెస్టు. జుట్టుకోసం బయోటిన్ విటమిన్ వాడేవాళ్లు టెస్టుకు రెండు రోజుల ముందు ఆపండి, అంకెలు తారుమారవుతాయి. ఇది కూడా ఆ అమ్మాయే చెప్పింది.

ఒక్కటి మాత్రం పట్టుకుని చెప్తాను. నా కథ విని అయోడిన్ ఉప్పు మానేయకండి. చట్టం ప్రకారం మన చేతికొచ్చే ప్యాకెట్లో అయోడిన్ 15 పీపీఎమ్‌కు, అంటే కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. పది గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు, సరిగ్గా రోజుకు కావలసినంత. కడుపుతో ఉన్నవాళ్లకు 250 కావాలి, బిడ్డ మెదడు పెరగడానికి అది తప్పనిసరి.

మా ఆడపడుచు కూతురికి ఇప్పుడు ఐదో నెల. అదే ఆవిడ మాట విని వాళ్లింట్లోనూ సైంధవ లవణమే వాడుతున్నారని సంక్రాంతికి వెళ్లినప్పుడు తెలిసింది. ఏజెన్సీలో పనిచేసే మా చెల్లెలి చేత ఆశా కార్యకర్తల ఉప్పు పరీక్ష కిట్ తెప్పించాను. రెండు పళ్లాల్లో చెంచాడు చొప్పున ఉప్పు పోసి కిట్‌లోని ద్రావణం చుక్క వేశాను. అయోడిన్ ఉంటే రంగు మారుతుంది. ప్యాకెట్ ఉప్పు చూస్తుండగానే ముదురు ఊదా రంగుకు తిరిగింది. సైంధవ లవణం వేసింది వేసినట్టే తెల్లగా ఉండిపోయింది. "అత్తా, మరి ఇన్నాళ్లూ?" అంది ఆ పిల్ల, కడుపు మీద చెయ్యి పెట్టుకుని. మర్నాడే వాళ్ల గైనకాలజిస్టు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. టీఎస్‌హెచ్ బాగానే ఉంది. వంటింట్లో ఉప్పు డబ్బా మార్చి వచ్చాను.