టాక్సానమీ కోసం నేను పట్టుకున్న చెట్టు: సెయింట్ హెలెనా ఆలివ్

జేఎల్ (జూనియర్ లెక్చరర్) పరీక్షకో నెట్‌కో బోటనీ చదువుతున్న మిత్రులకు వర్గీకరణ వ్యవస్థల యూనిట్ అంటేనే టెన్షన్. బెంథామ్-హుకర్ చార్టు, ఎంగ్లర్ చార్టు, డీఎన్ఏ ఆధారంగా మొక్కల్ని విభజించే ఏపీజీ చార్టు గోడకు అంటించి బట్టీ పడతాం. వారం తిరిగేసరికి మూడూ కలగాపులగం అయిపోతాయి. నాకు పనికొచ్చిన పద్ధతి వేరు. ఒకే ఒక్క మొక్కను తీసుకుని, అన్ని వ్యవస్థల్లోనూ దాని చోటు వెతుక్కున్నాను. ఆ మొక్క ఇప్పుడు భూమ్మీద లేదు.

పేరు నెసియోటా ఇల్లిప్టికా. నెపోలియన్‌ను బందీగా ఉంచిన సెయింట్ హెలెనా దీవిలో తప్ప ఇంకెక్కడా పెరగని చిన్న చెట్టు, గులాబీ రంగు పూలు. అక్కడి వాళ్లు ఆలివ్ అన్నారు గానీ దీనికీ అసలు ఆలివ్‌కూ చుట్టరికం లేదు. ఆలివ్ ఓలియేసి, ఇది రామ్నేసి. అంటే మన రేగు కుటుంబం. వాడుక పేరు చూసి కుటుంబం టిక్ చేసేవాళ్లు బోల్తాపడే చోటు ఇదే.

ఈ తేడా పుస్తకంలో కంటే చేతిలో త్వరగా తెలుస్తుంది. రేగు పువ్వును లెన్స్ కింద పెట్టండి. ఆకుపచ్చ-పసుపు రంగులో మిరియపు గింజంత ఉంటుంది. ఐదు చిన్న ఆకర్షణ పత్రాలు, అవి గరిటెలా వంగి ఒక్కోటీ ఒక్కో కేసరాన్ని పొదువుకుని ఉంటాయి. కేసరాలు ఆకర్షణ పత్రాల మధ్య సందుల్లో కాకుండా సరిగ్గా వాటికి ఎదురుగా ఉండటమే రామ్నేసి గుర్తు. మధ్యలో మందంగా మకరంద చక్రం. ఇప్పుడు ఓలియేసికి చెందిన సన్నజాజి తీసుకుని గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల గోడకు అతుక్కుని రెండే రెండు కేసరాలు. ఈ రెండు పూలూ చూశాక ఆ రెండు కుటుంబాలను నేను మళ్లీ బట్టీ పట్టలేదు.

ఇక వ్యవస్థలు. బెంథామ్-హుకర్‌లో రామ్నేసి పాలిపెటాలేలో (ఆకర్షణ పత్రాలు విడివిడిగా ఉండే గుంపు), డిస్కిఫ్లోరే శ్రేణిలో, సెలాస్ట్రేలిస్ కింద ఉంటుంది. డిస్క్ అంటే చక్రం, ఆ మకరంద చక్రాన్ని చూశారు కాబట్టి డిస్కిఫ్లోరే ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎంగ్లర్, ఆ తర్వాత క్రాంక్విస్ట్ రామ్నేలిస్ అని ప్రత్యేక క్రమం ఇచ్చి ద్రాక్ష కుటుంబాన్ని పక్కన కూర్చోబెట్టారు. ఏపీజీ ఆ క్రమాన్నే ఎత్తేసింది. ద్రాక్ష వైటేలిస్‌కు, రేగు రోజేలిస్‌కు పోయాయి. ఇప్పుడు గులాబీ, మర్రి, గంజాయి, రేగు ఒకే క్రమం. బెంథామ్-హుకర్ మర్రిని మోనోక్లామిడేలో (రక్షక, ఆకర్షణ పత్రాలు వేర్వేరుగా ఉండని గుంపు) పెట్టిన సంగతి గుర్తు తెచ్చుకుంటే డీఎన్ఏ ఎంత తారుమారు చేసిందో అర్థమవుతుంది.

నామీకరణ నియమాలకూ ఈ మొక్క మంచి ఉదాహరణ. దీనికి ముందు ఫైలికా ఇల్లిప్టికా అని పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. మన సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లిన ఆయనే. ఇండియా వదిలి వెళ్తూ 1813-14లో ఆ దీవిలో ఆగి మొక్కల జాబితా రాశారు. అది ఆయన పోయాక 1816లో అచ్చయింది. 1862లో జోసెఫ్ డాల్టన్ హుకర్ దీన్ని ఫైలికా నుంచి విడదీసి నెసియోటా అనే కొత్త ప్రజాతిలో పెట్టారు. అందుకే కర్తల పేర్లు (రాక్స్‌బర్గ్) హుకర్ ఎఫ్. అని రాస్తాం. బ్రాకెట్లో ఉన్నది తొలి పేరు ఇచ్చినవారు, బయట ఉన్నది ప్రజాతి మార్చినవారు. ఎఫ్. అంటే కొడుకు, తండ్రి విలియం హుకర్ కూడా వృక్షశాస్త్రవేత్తే. దక్షిణాఫ్రికాలో ఎక్కువగా ఉండే ఫైలికాకు ఇది దగ్గరి బంధువే గానీ వేరే ప్రజాతి అని డీఎన్ఏ కూడా తేల్చింది.

ప్రజాతిలో ఉన్నది ఒక్క జాతే. అంటే మోనోటైపిక్. కాబట్టి చెట్టుతో పాటు ప్రజాతి మొత్తం పోయింది. అంతరించిందనుకున్న దాన్ని 1977లో జార్జ్ బెంజమిన్ డయానాస్ పీక్ దగ్గర కనిపెట్టారు, ఒకే ఒక్క చెట్టు. 1994లో అది చచ్చిపోయింది. అప్పటికే కొమ్మ నాటి, విత్తనం మొలిపించి కొన్నిటిని బతికించారు గానీ ఆత్మవంధ్యత్వం వల్ల సొంత పుప్పొడితో విత్తనాలు దాదాపు కట్టేవి కావు. పైగా బూజు తెగుళ్లు, చెదలు. చివరిది 2003 డిసెంబరులో పోయింది. ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ఐయూసీఎన్ కేటగిరీలు చదివేటప్పుడు ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోండి. 1994 నుంచి 2003 వరకు ‘అడవిలో అంతరించినది’, ఆ తర్వాత ‘అంతరించినది’. ఈ రెండు కేటగిరీల తేడాకు ఇంత సూటి ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

ఇదే పద్ధతిలో ఇంకో మొక్క ప్రయత్నించాలంటే అదే దీవిలో అంతరించిన ట్రోకెటియాప్సిస్ మెలనాక్సిలాన్ తీసుకోండి. పాత వ్యవస్థల్లో స్టెర్క్యులియేసి, ఏపీజీలో మాల్వేసి. ఇక్కడ మారింది కుటుంబం, క్రమం మాత్రం మాల్వేలిస్‌గానే ఉంది.